వైన్ కొలువులో పైకి రావాలంటే తోట ఏడాది తెలియాలి

జనక్‌పురి వెస్ట్‌లో మెజెంటా లైన్ ఎక్కితే రైలు మారే పని లేకుండా విమానాశ్రయం టెర్మినల్ 1కి, ఇంకా ముందుకు వసంత్ విహార్, హౌజ్ ఖాస్‌లకు చేరుకోవచ్చు. 2018 మే నెలాఖరున ఈ దారి తెరుచుకున్నాక జనక్‌పురిలో ఉంటూ హోటళ్లలో, రెస్టారెంట్లలో పని చేయడం తేలికైంది. ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడి ఉన్న కాలనీ ఇది. ఢిల్లీ తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన చోటు. ఇక్కడినుంచి హోటల్ డ్యూటీకి వెళ్తూ, బాంక్వెట్‌లో మొదలుపెట్టి రెస్టారెంట్ ఫ్లోర్ దాకా వచ్చి, ఇకపై వైన్ వైపు వెళ్తే బాగుంటుందా అని ఆలోచిస్తున్న యువతీ యువకుల కోసం ఈ సలహా.

వైన్ వైపు రావాలనుకునే చాలామంది మొదట చేసే పని విశేషణాలు బట్టీ పట్టడం. బ్లాక్‌బెర్రీ, వనిల్లా, పొగాకు, తడి రాయి. మనలో ఎక్కువమంది బ్లాక్‌బెర్రీని చెట్టు మీద చూసినవాళ్లం కాదు. తిననిదాన్ని రుచి చూసినట్టు చెబితే మాటలో బలం ఉండదు. అతిథి రెండో ప్రశ్న వేయగానే అది తేలిపోతుంది. "ఇదే వైన్ నిరుటిది ఇంకోలా ఉండేదే, ఎందుకని?" అని అడిగితే బట్టీ పట్టిన జాబితాలో జవాబు దొరకదు.

జవాబు తోటలోనూ తయారీశాలలోనూ ఉంటుంది. ఆ ఏడాది వాతావరణం తీగకు ఏమిచ్చింది, ఆ పండును తయారీదారు ఏం చేశాడు. ముఖ్యంగా చిన్న ఎస్టేట్ వైన్‌ను అర్థం చేసుకోవడానికి ఈ రెండు సంగతులే తాళంచెవులు. ఇవి తెలిసినవాళ్లు ఏ సీసా గురించైనా నిజాయితీగా మాట్లాడగలరు. తెలియనివాళ్లు ఎన్ని పేర్లు నేర్చినా మెనూ చదివే పని దగ్గరే ఆగిపోతారు.

మన దేశంలో ద్రాక్ష ఏడాది

ఫ్రాన్స్‌లో, ఇటలీలో తీగ చలికాలమంతా నిద్రపోతుంది. వసంతంలో చిగురిస్తుంది, వేసవిలో కాయ కడుతుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకొస్తుంది. వైన్ ద్రాక్షకు అనువైన ప్రాంతాలు భూమధ్యరేఖకు అటూ ఇటూ 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంటాయని పుస్తకాల్లో చదువుతాం. నాసిక్ దాదాపు 20 డిగ్రీల దగ్గర ఉంది, హంపి ప్రాంతం 15 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ తీగను నిద్రపుచ్చేంత చలి ఉండదు. వదిలేస్తే ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది.

అందుకే మన రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు, పంట మాత్రం ఒక్కటే తీసుకుంటాడు. కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో మొదటి కత్తిరింపు. దీనివల్ల కొత్త కొమ్మలు వస్తాయి, వచ్చే పంటకు కావలసిన మొగ్గలు ఆ కొమ్మల్లోనే తయారవుతాయి. వానాకాలం ముగిసే వేళకు, సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండో కత్తిరింపు. ఆ తర్వాత వచ్చే చిగురే పూత పూసి కాయ కడుతుంది. నవంబరులో పూత, పిందె. డిసెంబరు, జనవరుల్లో కాయ రంగు తిరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా, కొన్ని చోట్ల ఏప్రిల్ దాకా కోత. మన వైన్ ద్రాక్ష పగటి ఎండలో, చలికాలపు రాత్రుల చల్లదనంలో, వానలు వెనక్కి తగ్గాక పండుతుంది. రైతు కత్తెరతో రుతువునే తిప్పి పెట్టుకున్నాడన్నమాట.

దీన్నిబట్టి కొలువులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. సీసా మీద ఉండే వింటేజ్ సంవత్సరం పండు కోసిన సంవత్సరం. 2023 అని ఉన్న నాసిక్ వైన్ ఆ ఏడాది మొదటి నెలల్లో కోసిన పండుతో చేసింది. 2023 అనే ఉన్న ఫ్రాన్స్ బోర్డో వైన్ అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో కోసింది. అంకె ఒకటే అయినా మన వైన్ ఆరేడు నెలలు పెద్దది. తాజాగా తాగాల్సిన సావిన్యాన్ బ్లాంక్ లాంటి తెల్ల వైన్‌కు ఈ తేడా ముఖ్యం. స్టాకు సరిచూసేటప్పుడు, అతిథికి చెప్పేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి.

మీ ఊరి పక్కనే ఇంకో ఏడాది

తోట ఏడాది అంటే ఏమిటో తెలుసుకోవడానికి మొదటి పాఠం జనక్‌పురికి దగ్గర్లోనే ఉంది. బ్లూ లైన్ దారిలో వచ్చే పూసా ప్రాంతంలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఉత్తర భారత వాతావరణం కోసం ద్రాక్ష రకాలను తయారుచేసింది. వాటిలో పూసా నవరంగ్ గురించి వైన్ విద్యార్థి తప్పక తెలుసుకోవాలి. మామూలు నల్ల ద్రాక్షలో రంగు తొక్కలోనే ఉంటుంది, గుజ్జు తెల్లగానే ఉంటుంది. పూసా నవరంగ్‌లో గుజ్జు, రసం కూడా ఎర్రగానే ఉంటాయి. రసానికీ వైన్‌కూ పనికొచ్చే రకం అది.

ఢిల్లీలో చలి గట్టిగా ఉంటుంది కాబట్టి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. జనవరిలో ఒక్కసారే కత్తిరిస్తారు. మార్చిలో చిగురు, మే నెలాఖరు నుంచి జూన్ దాకా పండు. అక్కడే చిక్కు ఉంది. జూన్ చివర రుతుపవనాలు వచ్చేలోగా పండు తయారవాలి. ఆలస్యమైతే వాన పడి కాయ పగులుతుంది, కుళ్లుతుంది. అందుకే ఇక్కడికి త్వరగా పండే రకాలు కావాల్సి వచ్చాయి. నాసిక్‌లో వాన వెళ్లాక పండుతుంది, ఢిల్లీలో వాన రాకముందు పండాలి. ఈ ఒక్క తేడా మనసుకెక్కితే ప్రపంచంలో ఏ వైన్ ప్రాంతం గురించి చదివినా సులువుగా అర్థమవుతుంది. వాన ఎప్పుడు, పండేది ఎప్పుడు, రాత్రులు ఎంత చల్లన అని అడిగితే చాలు.

వాతావరణం రుచిగా మారే తీరు

పండు ముదురుతున్నకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే వైన్‌లో 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. లీటరుకు 220 గ్రాముల చక్కెర ఉన్న రసం దాదాపు 13 శాతం దగ్గర ఆగుతుంది. వేడి ఎక్కువైన ఏడాది చక్కెర పరుగెడుతుంది, పులుపు పడిపోతుంది, వైన్ బరువుగా, ఘాటుగా అనిపిస్తుంది. రాత్రులు చల్లగా ఉన్న ఏడాది పులుపు నిలుస్తుంది, నోటికి చురుకు తెలుస్తుంది.

చక్కెర ఒక్కటి పండితే సరిపోదు. తొక్క, గింజ కూడా పండాలి. టానిన్ అంటే మనకు బాగా తెలిసిన వగరే. అది తొక్కలోనూ గింజలోనూ ఉంటుంది. ఇవి పండకముందే కోస్తే కెబర్నే సావిన్యాన్‌లో పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది, వగరు నాలుకను పట్టేస్తుంది.

ఇక వాన. పూత మీద, పిందె మీద వాన పడితే బూజు తెగులు పట్టుకుంటుంది. 2009 నవంబరులో ఫ్యాన్ తుపాను మహారాష్ట్రను తాకినప్పుడు ద్రాక్ష తోటలు తెగులుకు గురై రైతులు బాగా నష్టపోయారు. కోతకు ముందు వాన పడితే కాయ నీరు పట్టి రసం పలచబడుతుంది. ఐరోపాలో ఇంకో భయం ఉంది. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో చిగురు మీద మంచు పడి ఆ ఏడాది దిగుబడి దారుణంగా పడిపోయింది. ఒక ఏడాది వైన్ తక్కువగా దొరుకుతోందన్నా, ధర పెరిగిందన్నా కారణం తరచు ఇలాంటి ఒకటి రెండు రాత్రుల్లోనే ఉంటుంది.

పెద్ద కంపెనీకి ఎందరో రైతుల తోటల నుంచి పళ్లు వస్తాయి. ఒకచోట వాన పడినా ఇంకోచోటి పండు కలిపి రుచిని ఏటా ఒకే తీరులో ఉంచగలదు. అది కూడా నైపుణ్యమే. చిన్న ఎస్టేట్‌కు ఆ వెసులుబాటు లేదు. ఉన్న కొద్ది ఎకరాలే దాని లోకం. ఆ నేల మీద ఆ ఏడాది ఏం జరిగిందో అదంతా సీసాలోకి వస్తుంది. రుచి ఏటికేడు మారడం చిన్న ఎస్టేట్ వైన్ లోపం కాదు, దాని లక్షణం. ఈ మాటను అతిథికి ధైర్యంగా చెప్పగలగాలి.

తెలుగువాళ్ల చేతి వైన్ ఒకటి

ఉదాహరణకు తెలుగు దంపతుల తోటనే తీసుకోండి. హైదరాబాద్ మందుల కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియా వ్యవస్థాపకుడు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో క్రస్మా ఎస్టేట్స్ నెలకొల్పారు. సొంత తోటలో పండిన కెబర్నే సావిన్యాన్, సావిన్యాన్ బ్లాంక్, సాంజియోవేసే లాంటి రకాలతో వైన్ చేస్తారు.

ద్రాక్ష తెలుగువాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు ఒకప్పుడు ఎంతో పేరు పొందాయి. గుత్తులు పెద్దవి, కాయ పెద్దది, దిగుబడి విపరీతం. అది తినే ద్రాక్ష. వైన్ ద్రాక్ష లెక్క దానికి పూర్తిగా ఎదురు. కాయ చిన్నది, తొక్క మందం. తీగ మీద గుత్తులు తగ్గిస్తే మిగిలినవాటిలో రుచి చిక్కబడుతుంది కాబట్టి పచ్చి గుత్తుల్ని కోసి పారేయడం కూడా ఉంటుంది. దిగుబడిని సగానికి తగ్గించుకోవడానికి సిద్ధపడిన రైతే మంచి వైన్ ద్రాక్ష పండించగలడు. చిన్న ఎస్టేట్ వైన్‌కు ధర ఎందుకు ఎక్కువ అని ఎవరైనా అడిగితే ఇక్కణ్నుంచి చెప్పడం మొదలుపెట్టండి.

తయారీదారు తీసుకునే నిర్ణయాలు

పండు వచ్చాక మనిషి పని మొదలవుతుంది. ప్రతి సీసా వెనుక ఈ నిర్ణయాలుంటాయి. ఒక్కొక్కటీ రుచిలో ఎక్కడ తేలుతుందో తెలుసుకోండి.

కోత రోజు: అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే. వారం ముందు కోస్తే పులుపు, తేలికదనం. వారం ఆగితే పక్వత, బరువు, దాంతోపాటు వాన పడే ప్రమాదం. పండు వేడెక్కకుండా చాలా తోటల్లో రాత్రిపూట గానీ తెల్లవారుజామున గానీ కోస్తారు.

తొక్కతో ఎంతసేపు: ఎర్ర వైన్‌కు రంగూ వగరూ తొక్క నుంచే వస్తాయి కాబట్టి రసాన్ని తొక్కతోపాటే రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఉంచుతారు. రోజేకు కొన్ని గంటలు చాలు. తెల్ల వైన్‌కు సాధారణంగా వెంటనే పిండేస్తారు.

వేడి: తెల్ల రసాన్ని 12 నుంచి 18 డిగ్రీల మధ్య నెమ్మదిగా పులియబెడితే పూల, పళ్ల వాసనలు నిలుస్తాయి. ఎర్ర వైన్‌ను 24 నుంచి 30 డిగ్రీల మధ్య పులియబెడితే రంగు, వగరు బాగా దిగుతాయి. మన దేశంలో చల్లబరిచే ట్యాంకులు, వాటికయ్యే కరెంటు ఖర్చు ఈ కారణంగానే తప్పవు.

ఈస్ట్: తాటికల్లుకు ఎవరూ ఈస్ట్ వేయరు, గాలిలో, కుండలో ఉన్నదే పనిచేస్తుంది. వైన్‌ను కూడా అలా తోటలోని సహజ ఈస్ట్‌కే వదిలేసే తయారీదారులున్నారు. రుచిలో వైవిధ్యం వస్తుంది, చెడిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఎంపిక చేసిన ఈస్ట్ వేస్తే ఫలితం నమ్మకంగా ఉంటుంది. రెండూ సరైన దారులే.

పులుపు: వేడి దేశాల్లో ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లాన్నే కొంచెం కలిపి సరిచేయడం మామూలు. ఇది కల్తీ కాదు. ఎర్ర వైన్లలో, కొన్ని తెల్ల వైన్లలో మరో మార్పు జరుగుతుంది. బ్యాక్టీరియా ఆపిల్ పండులో ఉండే గట్టి పులుపును పెరుగులో ఉండే మెత్తని పులుపుగా మారుస్తుంది. షార్డనే వెన్నలా అనిపించడం వెనుక ఇది ఉంటుంది.

ట్యాంకా, పీపానా: స్టీలు ట్యాంకు పండు రుచిని అలాగే ఉంచుతుంది. ఓక్ కలప పీపా వనిల్లా, మసాలా వాసనలిస్తుంది, వగరును మెత్తబరుస్తుంది. కొత్త పీపా ముద్ర బలంగా ఉంటుంది, పాతబడినకొద్దీ తగ్గుతుంది. మామూలు బోర్డో పీపా 225 లీటర్లది, అంటే సరిగ్గా 300 సీసాలు. "నాలుగు పీపాలే చేశాం" అని ఎస్టేట్ చెప్పిందంటే దేశం మొత్తానికి 1,200 సీసాలే అని మీకు వెంటనే తట్టాలి.

ఆపడం: పండు బాగా రాని ఏడాది ఖరీదైన రిజర్వ్ వైన్ చేయకుండా, ఆ రసాన్ని మామూలు వైన్‌లో కలిపేయడం. నష్టం కనబడుతున్నా పేరు నిలుపుకోవడానికి చేసే పని ఇది. ఫలానా ఏడాది రిజర్వ్ ఎందుకు లేదని అడిగితే దాచకుండా చెప్పండి. ఎస్టేట్ మీద గౌరవం పెరుగుతుంది.

టేబుల్ దగ్గర

తెలుసుకున్నదంతా ఒకేసారి చెప్పేయకండి. రెండు వాక్యాలు చాలు: పండు సంగతి ఒకటి, నిర్ణయం సంగతి ఒకటి. "ఇది ఫిబ్రవరిలో కోసిన పండండీ. చురుకుదనం పోకూడదని పీపాలో పెట్టకుండా స్టీలు ట్యాంకులోనే ఉంచారు. మీరు చెప్పిన ఫిష్ టిక్కాకు బాగుంటుంది." మీరు హిందీలో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా వరస ఇదే. అయితే ఆ రెండు సంగతులూ మీరు కనుక్కున్న నిజాలై ఉండాలి. తెలియనప్పుడు "కనుక్కుని చెబుతాను" అనండి, నిజంగా కనుక్కుని చెప్పండి. వైన్ పనిలో మనిషి విలువ ఆ నమ్మకంలోనే ఉంది.

తయారీదారు ఏడాదంతా పడిన కష్టం వడ్డించే పది నిమిషాల్లో పాడైపోవచ్చు. ఢిల్లీ మే నెలలో "రూమ్ టెంపరేచర్" అన్న మాటకు అర్థం లేదు. బరువైన ఎర్ర వైన్‌ను 16 నుంచి 18 డిగ్రీల దగ్గర, తెల్ల వైన్‌ను 8 నుంచి 12 దగ్గర, మెరిసే వైన్‌ను 6 నుంచి 8 దగ్గర వడ్డించండి. వేడెక్కిన ఎర్ర వైన్‌ను కాసేపు ఐసు నీళ్లలో పెట్టడానికి మొహమాటపడకండి. స్టాకు వచ్చిన వాహనం ఎండలో ఎంతసేపు నిలబడిందో అడగండి. కార్క్ పైకి తోసుకొచ్చిన సీసాను పక్కన పెట్టి మేనేజరుకు చూపండి.

ఢిల్లీలో ఉద్యోగం సంగతులు

మద్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని అంశం. ప్రతి రాష్ట్రంలోనూ లేబుల్ విడిగా నమోదు చేయించి ఫీజు కట్టాలి. అందుకే నాసిక్‌లో దొరికే చిన్న ఎస్టేట్ వైన్ ఢిల్లీలో దొరక్కపోవచ్చు. ఢిల్లీలో 2022 సెప్టెంబరు నుంచి చిల్లర దుకాణాలు ప్రభుత్వ సంస్థల చేతికి తిరిగి వచ్చాయి కాబట్టి ప్రైవేటు కొలువులు ప్రధానంగా హోటళ్లు, క్లబ్బులు, రెస్టారెంట్లు, దిగుమతిదారులు, పంపిణీదారుల దగ్గర చూసుకోవాలి. గుర్గావ్‌లో హర్యానా నియమాలు వేరు, ప్రైవేటు దుకాణాలు ఉన్నాయి. ఢిల్లీలో 25 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం వడ్డించకూడదు. వయసు మీద అనుమానం వస్తే గుర్తింపు కార్డు అడగడం మీ బాధ్యత. అతిథి ఎంత పెద్దవాడైనా ఈ విషయంలో తగ్గవద్దు.

చదువు విషయానికొస్తే, పూసాలోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ లాంటి చోట్ల పునాది పడుతుంది. దానిమీద వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ (డబ్ల్యూఎస్ఈటీ) పరీక్షలకు ప్రపంచమంతటా గుర్తింపు ఉంది. పనిలో ఉన్నవాళ్లు రెండో స్థాయితో మొదలుపెట్టవచ్చు. ఫీజు ఎక్కువే కాబట్టి ముందు మీ యాజమాన్యం భరిస్తుందేమో అడగండి. 2016లో సోనల్ హాలండ్ భారతదేశం నుంచి తొలి మాస్టర్ ఆఫ్ వైన్ అయ్యారు. మన దేశంలో ఉంటూ ఈ విద్యలో శిఖరం చేరవచ్చని అప్పుడే రుజువైంది.

ఇంట్లోవాళ్ల బెంగ గురించి కూడా చెప్పాలి. మద్యం దగ్గర ఉద్యోగమా అని అమ్మానాన్న అడగడంలో తప్పు లేదు. వాళ్లకు నిజం చెప్పండి. వృత్తిలో రుచి చూడడమంటే నోట్లో పోసుకుని ఉమ్మేయడం. ప్రపంచమంతా పాటించే పద్ధతి అది, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. తాగే అలవాటు లేకుండా ఈ పని చేయవచ్చు. ఎక్కువైన అతిథికి ఇంకో గ్లాసు పోయకుండా మర్యాదగా ఆపగలగడం కూడా ఈ వృత్తిలో భాగమే.

మొదటి మూడు నెలలు

మొదటి నెల: మీ మెనూలో ఉన్న భారతీయ వైన్లన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతిదానికీ ప్రాంతం, రకం, వింటేజ్, కోత నెల, ట్యాంకా పీపానా అని గడులు గీయండి. ఖాళీ గడుల్ని కంపెనీ ప్రతినిధి వచ్చినప్పుడు అడిగి నింపండి. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఆయన మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

రెండో నెల: ఒకే ఎస్టేట్‌వి రెండు వింటేజ్‌లు పక్కపక్కన రుచి చూసే అవకాశం మేనేజరును అడగండి. పులుపు, వగరు, ఘాటు, ఈ మూడింటినే రాయండి. మన నాలుకకు చింతపండు, ఉసిరి, జామ, నేరేడు బాగా తెలుసు. ఆ మాటలతోనే రాసుకోండి. పరీక్షకు కావలసిన పేర్లు తర్వాత జత చేసుకోవచ్చు.

మూడో నెల: మీ రెస్టారెంట్‌లో బాగా అమ్ముడుపోయే వంటకాలు ఐదు తీసుకుని ఒక్కోదానికి ఒక వైన్, ఒక కారణం రాసి మేనేజరుకు ఇవ్వండి. వీలైతే ఫిబ్రవరిలో సెలవు దాచుకుని కోత సమయంలో నాసిక్ వెళ్లి రండి. పండును తొక్క, గింజతో సహా నమిలి చూడండి. వగరు అంటే ఏమిటో పుస్తకంలో పది పేజీలు చదివినా అంత స్పష్టంగా తెలియదు.

జీతం పెంపు అడిగేటప్పుడు, కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం తీసుకెళ్లండి. సర్టిఫికెట్లు చాలామంది దగ్గర ఉంటాయి. తాను అమ్మే ప్రతి సీసా ఏ నెలలో కోసిన పండుతో, ఏ నిర్ణయంతో తయారైందో స్వయంగా కనుక్కుని రాసుకున్నవాళ్లు తక్కువ. ఆ తక్కువ మందిలో మీరుంటే వైన్ బాధ్యత అప్పగించాల్సిన రోజున యాజమాన్యం ముందు మీ పేరే తలుస్తుంది.